పండకపోయినా వచ్చి చెప్పల్ల

ఇవాళ పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పక్కింటి మేడ మీద ఎవరో కొర్రలు చెరుగుతున్న చప్పుడు వినిపించింది. చాట పైకి లేవడం, గింజలు ఒక్కసారిగా మళ్లీ అందులో పడడం, ఆ వెనకే గాలికి కొట్టుకొచ్చి నా మొహం మీద వాలిన సన్నటి పొట్టు. చేతిలో తడి చీర అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. నంద్యాలలో ఇప్పుడు ఇళ్లల్లో చాట పట్టేవాళ్లు తక్కువ. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నాకు హుసేనమ్మ గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పేపర్లో ఆమె ఫోటో ఎన్నడూ పడలేదు. ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలోని ఒక చిన్న పల్లెలో రెండెకరాలు సాగు చేసుకుని బతికిన దూదేకుల ఇంటి మనిషి. భర్త పోయాక ఒక్కతే సేద్యం చూసుకునేది. ఆయాసం మనిషి. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఆ ఆగడం చూసి ఆమె మాట అయిపోయిందనుకుంటే పొరపాటే.

వ్యవసాయంలో డిప్లొమా ముగించి, చిన్న రైతులతో పనిచేసే ఒక సంస్థలో చేరిన కొత్తలో నేను ఆమెను కలిశాను. వానలు నమ్మడానికి లేని రోజుల్లో ఏ పంటలు వేసుకోవాలి, ఇంటి విత్తనం ఎందుకు దాచుకోవాలి అని పల్లెల్లో సభలు పెట్టడం నా పని. మొదటి సభకు బ్యానరు, మైకు, ఇరవై కుర్చీలు, టీ ఫ్లాస్కు అన్నీ తీసుకుని హుసేనమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. రాత్రంతా కూర్చుని రాసుకున్న ప్రసంగం ముప్పావుగంట చదివాను. జనం టీ తాగారు, ఫోటోకు నిలబడ్డారు. బ్యానరు విప్పుతున్నప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి దగ్గరికొచ్చింది. ఆమే హుసేనమ్మ.

"శానా బాగా చెప్పినావు పాపా. ఇత్తనాలు యాడుండాయి?"

"విత్తనాలు తేలేదమ్మా. ఇది అవగాహన సభ."

"వానలు తప్పినాయని మాకు తెలీదా? అది చెప్పనీకి నంద్యాల నుంచి రావల్నా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం నవ్వలేదు. "రా, రొట్టె తిని పోదువు" అని నా చేతిలోని బ్యానరు చుట్ట తనే అందుకుని నడిచింది. ఆమె ఇంటి వెనకగదిలో గోడవారగా కుండలు వరసగా ఉన్నాయి. గింజల్లో బూడిద కలిపి, పైన ఎండిన వేపాకు పరిచి, మూతులకు పేడ మెత్తి ఉంచింది. కొర్రలు, పచ్చజొన్నలు, కందులు, అలసందలు. ఒక్కొక్క కుండ మీద చెయ్యి వేసి, ఆ విత్తనం ఏ ఊరి నుంచి ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పింది. జొన్నరొట్టె మీద వేరుశనగల ఊరిబిండి పచ్చడి పెట్టి నాకిస్తూ అంది: "నువ్వు మాట్లాడొద్దు. ఇవి తెచ్చి జనాల ముందర పెట్టు. వాళ్లే మాట్లాడ్తారు."

ఆ వేసవిలో, తొలకరికి ముందు, ఊరి బయట ఖాళీగా ఉన్న కళ్లంలో మా మొదటి విత్తనాల పండుగ జరిగింది. పేరు నాది, పద్ధతి అంతా ఆమెది. మైకు వద్దంది. కుర్చీలు వద్దంది. గోనెపట్టాలు పరిచి, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తెచ్చిన గింజలు చాటల్లో పోసి వరసగా పెట్టాం. జనం వచ్చాక ఆమె మధ్యలో నిలబడి చెప్పింది.

"ఈడ అమ్మేది లేదు, కొనేది లేదు. కావల్సినోళ్లు పిడికెడో దోసెడో తీస్కపోండి. మళ్ల సంవత్సరం వచ్చి ఏమైందో చెప్పల్ల. పండితే చెప్పల్ల. పండకపోయినా వచ్చి చెప్పల్ల."

సాయంత్రం చాటలు దులుపుతుంటే నేను అడిగాను. "పండనివాళ్లు ఎందుకొస్తారు పెద్దమ్మా? సిగ్గుపడరా?"

"పండినోని మాట ఇని ఊరంతా అదే ఏస్తారు. పండనోడు ఇంట్లో కూసుంటాడు. వానికేమైందో ఎవురికీ తెలీదు. మళ్ల సంవత్సరం ఇంకొకడు పోయి ఆడనే పడ్తాడు." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "సిగ్గుపడితే యెట్ల పాపా?"

ఆ మాట నాకు నచ్చింది. నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. అది నా మీదికే వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఓబులేసు అని ఆ ఊళ్లోనే ఒక రైతు ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. వాగు పక్కన అతనికి ఎకరన్నర తగ్గు చేను ఉంది. నల్లరేగడి. ఎప్పుడూ వరి వేసేవాడు. ఆ ఏడు కాలువ నీళ్లు వస్తాయో రావో అని ఊరంతా అనుకుంటున్నప్పుడు నేనే అతనితో చెప్పాను, ఈసారి వరి వద్దు, మొత్తం కొర్ర వెయ్యి అని. అతను కాసేపు చేను వైపు చూసి, "సరే మేడమ్, మీరు చెప్తే ఏస్తా" అన్నాడు. పైరు చక్కగా లేచింది. నేను దాని ఫోటోలు తీసి ఆఫీసులో అందరికీ చూపించాను. వెన్ను వేసే సమయానికి వాన పట్టుకుంది. వాగు పొంగి చేన్లో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసేసరికి కొర్ర మొత్తం కుళ్లిపోయి ఉంది. నేను ఆ చేను చూడడానికి వెళ్లలేదు. ఏదో మీటింగు ఉందని చెప్పుకున్నాను.

రెండు నెలల తర్వాత బస్సులో ఆళ్లగడ్డ మీదుగా వెళ్తూ కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్డు ముందర, సగం పూర్తయిన నంది పక్కన కూర్చుని ఒక మనిషి రాయి నునుపు చేస్తున్నాడు. తల, కనుబొమలు, మీసాలు అన్నీ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. బస్సు స్టాపులో ఆగినప్పుడు అతను తలెత్తాడు. ఓబులేసు. నన్ను చూశాడో లేదో తెలియదు. నేను మాత్రం చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయాను. ఆ రోజు నుంచి ఆళ్లగడ్డ వైపు పని తప్పించుకున్నాను. ఆఫీసులో రిపోర్టులు రాసే పని అడిగి తీసుకున్నాను. ఎండాకాలం వచ్చింది. రెండో పండుగకు రమ్మని ఆ ఊరి నుంచి ఫోన్లు వచ్చాయి. ఒంట్లో బాగాలేదన్నాను. ఉద్యోగం మానేసి ఏదైనా బడిలో చేరదామని దరఖాస్తు కూడా రాసి పెట్టుకున్నాను.

పండుగకు రెండు రోజుల ముందు హుసేనమ్మ నంద్యాల వచ్చింది. మా ఆఫీసు రెండో అంతస్తులో. మెట్లెక్కి వచ్చి గడప దగ్గర గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. నేను నీళ్లు తెచ్చిచ్చాను. తాగి, కుర్చీలో కూర్చోకుండా నా బల్ల పక్కన నేల మీద కూర్చుంది. నేనూ కింద కూర్చోక తప్పలేదు.

"ఒళ్లు బాగలేదంట?"

"ఇప్పుడు పర్వాలేదు పెద్దమ్మా."

"ఓబులేసు చేను సంగతేనా?"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె ఓదార్చలేదు. సంచిలోంచి రొట్టెల మూట తీసి నా ఒళ్లో పెట్టింది.

"తిను. ఎల్లుండి వచ్చి చెప్పు. నువ్వు గూడా ఇత్తనం ఏపిచ్చినదానివే గదా."

"వాళ్లు తిడితే?"

"తిట్టనీ. తిట్టినాంక ఏం చేయల్నో మాట్లాడ్తారు. నువ్వు రాకపోతే తిట్టుకుంటానే ఉంటారు."

వెళ్లాను. కళ్లంలో వందమందికి తక్కువ లేరు. ఓబులేసు వెనక వరసలో మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. హుసేనమ్మ ముందుగా నా పేరే పిలిచింది. లేచి నిలబడ్డాను. చెప్పాను. తగ్గు చేన్లో కొర్ర వెయ్యమని చెప్పింది నేనే, నీళ్లు నిలుస్తాయా అని ఒక్క మాట అడగలేదు, పంట పోయాక చూడ్డానికి కూడా రాలేదు, ఓబులేసును బస్సులోంచి చూసి మొహం తిప్పుకున్నాను. అంతా చెప్పి కూర్చున్నాను. ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. కాసేపటికి ఓబులేసు లేచాడు.

"నీళ్లు నిలబడ్తాయని నాకు తెల్సు. మా నాయన కాలం నుంచి తెల్సు" అన్నాడు నేల వైపు చూస్తూ. "మేడమ్ సదువుకున్న మనిషి గదా, యెట్ల కాదనేదని మొగమాటమైంది. నేనూ చెప్పలే."

అప్పుడు మొదలైంది మాట. ఒక ముసలాయన ఆ చేను ఎత్తుపల్లాలు వేలితో మట్టిలో గీసి చూపించాడు. వానలు తగ్గాక, నేలలో తేమ ఆరకముందే పచ్చజొన్న వేసుకుంటే ఆ చేనుకు సరిపోతుందని ఇద్దరు ముగ్గురన్నారు. ఒకామె తన కొంగులోని జొన్నలు తెచ్చి ఓబులేసు తువ్వాల్లో పోసింది. ఓబులేసు ఆ తర్వాత కూడా చాలా నెలలు రాతిపనికి వెళ్లాడు. కానీ ఆ చలికాలంలో అతని చేన్లో జొన్న నిలబడింది. ఇంటికి సరిపోను పండింది. అప్పటి నుంచి నేను ఏం చెప్పినా అతను వెంటనే తల ఊపడు. "ఆగు మేడమ్, ఆలోచిస్తా" అంటాడు. అలా అన్న ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది. నా దరఖాస్తు చించేశాను.

కొన్నేళ్లకు మా సంస్థ ఆ కార్యక్రమం ఆపేసింది. పండుగ ఆగలేదు. కోయిలకుంట్ల వైపు నుంచి, ఆత్మకూరు అడివి పక్క పల్లెల నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. హుసేనమ్మ వచ్చిన చివరి పండుగలో ఆమె అందరికంటే ముందు తనే లేచింది. అంతకు ముందు ఆయాసం ఎక్కువై నెలరోజులు కర్నూలు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. చేతిలో ఒక చిన్న పళ్లెం. పళ్లెంలో అనుములు. గింజ గింజకూ పురుగు తొలిచిన చిల్లు.

"ఇవి నా పెండ్లప్పుడు మా యమ్మ నా కొంగులో కట్టిచ్చిన అనుములు" అంది. ఆగి ఊపిరి తీసుకుంది. "అన్ని ఇత్తనాలూ అందరికీ ఇచ్చినా. ఇవి మాత్రం ఎవురికీ ఇయ్యలే. మా యమ్మవి అని దాసిపెట్టుకున్నా. నేను ఆస్పత్రిలో ఉండంగా పురుగు పట్టె. ఇచ్చింటే యెవురింట్లోనన్నా ఉండేటివి. తప్పు నాది."

అన్నేళ్లు ఆ వెనకగదిలోకి వెళ్లొచ్చిన నాకు కూడా ఆ అనుముల కుండ ఆమె ఎప్పుడూ చూపించలేదు. ఆ పూట కళ్లంలో అందరినీ అడిగాం, అట్లాంటి అనుములు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని. ఎవరి దగ్గరా లేవు. ఓబులేసు లేచి వచ్చి, పళ్లెంలోంచి ఆ చిల్లుల గింజలే పిడికెడు తీసుకున్నాడు. "ఒగటన్నా మొలుస్తాదేమో, సూస్తా" అన్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది.

వానలు మొదలవకముందే హుసేనమ్మ పోయింది. మరుసటేడు పండుగకు అందరం వచ్చాం గానీ, ఎవరు మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు ఊరికే కూర్చున్నాం. చివరికి ఓబులేసు నిలబడ్డాడు. "హుసేనమ్మ అనుములు ఏసినా. రెండు తడవలు ఏసినా. ఒగటి గూడా మొలవలే" అన్నాడు. అని కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. తర్వాత పక్కామె లేచింది. పండుగ మొదలైంది.

ఆమె దగ్గర నేర్చుకున్నది నాకు ఇప్పటికీ తేలిక కాలేదు. మొన్న చలికాలంలో కోయిలకుంట్ల దగ్గర నేను చెప్పిన విత్తనం వేసిన శనగ చేను ఒకటి సగానికి సగం ఎండిపోయిందని ఫోన్ వచ్చింది. ఆ పూటే బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. చేను గట్టు మీద ఆ ఇంటామె నన్ను చూసి పలకరించలేదు. నేనే దగ్గరికెళ్లి, "నేను చెప్పిందే వేశారు. నాదే పొరపాటు. ఏమైందో చూద్దామని వచ్చాను" అన్నాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని, "ఆ మూల మాత్రం పచ్చగనే ఉండాది మేడమ్. ఎందుకో తెలీదు. రా, సూద్దాం" అని ముందు నడిచింది. ఆమె వెనకే నేనూ చేన్లోకి దిగాను.