లాభంతో మొదలయ్యే లెక్క

మా చిన్నత్తకు వనపర్తి సంబంధం కుదిరిందని ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే, నేను మాత్రం మూతి ముడుచుకుని మూల కూర్చున్నాను. నాకు జడ వేసేది ఆమే, నన్ను వెనకేసుకొచ్చేదీ ఆమే. మా నాయనకు మరో దిగులు పట్టుకుంది. ఆమె వెళ్లిపోతే పడుగు లెక్క ఎవరు చూస్తారు?

మాది గద్వాలలో నేతపని ఇల్లు. పడుగంటే చీరలో నిలువు దారాలు. వీధిలో ఆ చివరా ఈ చివరా గుంజలు పాతి, ఆడవాళ్లు దారం పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ పోసేవారు. ఒకరు గుంజ దగ్గర కూర్చుని పోగులు లెక్కపెట్టాలి. నూట ఇరవై పోగులు ఒక పుంజం. పుంజం నిండగానే ఎర్ర దారంతో ముడి వేయాలి. నాలుగు ఎర్ర ముడులయ్యాక ఐదోది పచ్చది. మా చీరకు ఇరవైనాలుగువందల పోగులు.

"పిల్లకు నేర్పుత," అంది అత్త.

"దానికి ఓపికేది?" అన్నాడు నాయన. ఆ మాటతో నాకు రోషం పొడుచుకొచ్చింది.

ఇక పొయ్యి దగ్గరా, జడ వేసేటప్పుడూ ఒకటే పాఠం. నూట ఇరవై, రెండువందల నలభై, మూడువందల అరవై... తప్పితే అత్త జడ గుంజేది. ఆరువందలు దాటితే నాకు అంతా అయోమయమే. ఒకరోజు విసుగొచ్చి వేళ్ల మీద మొదలుపెట్టాను. చిటికెన వేలి నుంచి బొటనవేలికి వచ్చేసరికి ఆరువందలు. మళ్లీ చుట్టి వస్తే పన్నెండువందలు. బొటనవేలి మీద ఎప్పుడూ నిండు వందలే! తక్కిన వేళ్ల మీద చివర్న ఇరవై, నలభై, అరవై, ఎనభై, అదే వరస. నాకు కాలు నిలవలేదు. పరుగెత్తి అత్తకు చూపించాను.

"ఓయమ్మో, గింత అల్కగుంటదా! ఇన్నేండ్లు గుడ్డిగ బట్టీ పట్టిన గదనే," అని నా బుగ్గ గిల్లింది.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. అత్త పెళ్లిచీర కోసం నాయన ఎవరెవరినో బతిమాలి సరిగ్గా సరిపోయేంత నూలు తెచ్చాడు.

"ఈ పడుగు నువ్వే లెక్కవెట్టు, నేను నడుస్త," అంది అత్త.

"ఒక్క పుంజం ఎక్కువైనా పేకకు నూలు చాలదు. మీ అత్తకు చీర ఉండదు," అన్నాడు నాయన. పేక అంటే అడ్డంగా నేసే దారం.

మా ఇళ్లలో ధాన్యం కొలిచినా, పడుగు పోసినా మొదటిదాన్ని 'లాభం' అంటారు. అదొక్కటే పైకి అనాలి. తక్కిన లెక్క నోట్లోనే అనుకోవాలి, లేకుంటే దిష్టి తగులుతుందంటారు. మొదటి పుంజం నిండగానే "లాభం" అని ముడి వేశాను. రెండోదానికి నూట ఇరవై అనుకున్నాను. లాభం అంటే పని మొదలుపెట్టే ముందు దేవుడికి దండం పెట్టడం లాంటిదని నా లెక్క. దండాన్ని ఎవరైనా లెక్కలో కలుపుతారా?

ఎండ ఎక్కుతోంది. అమ్మా అత్తా నడుస్తూనే ఉన్నారు. రెండో పచ్చముడి వేస్తూ వెయ్యీ ఎనభై అనుకున్నాను. చెయ్యి ఆగిపోయింది. మొదటి పచ్చముడికీ ఎనభైయే వచ్చింది, అప్పుడు గమనించనే లేదు. పచ్చముడంటే బొటనవేలే కదా, నిండు వందలు రావాలి కదా!

"అత్తా, ఆగు!"

మగ్గం మీది నుంచి నాయన లేచి వచ్చాడు. అత్త ముడులు తడిమి చూసింది.

"పది ముడులు. పన్నెండు నూర్లు. నువ్వెంతన్నవే?"

"వెయ్యీ ఎనభై."

"లాభం అన్నంక ఏమన్నవు?"

"నూటిరవై."

అత్త వీధిలోనే చతికిలబడి పగలబడి నవ్వింది. "పిచ్చిదానా, లాభమంటేనే నూటిరవై!"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయన మాత్రం నవ్వలేదు. "మరి తప్పయిందని నీకెట్ల తెలిసింది?"

"పచ్చముడికి నిండు నూర్లు రావాలె నాయినా. ఎనభై ఒచ్చింది."

ఆయన ముడుల వంక, నా వంక చూశాడు. "సరే, కానియ్," అని మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంకెవరినైనా కూర్చోబెడతాడేమోనని వణికిపోయిన నాకు ఆ ఒక్క మాటతో ప్రాణం లేచొచ్చింది. నాలుగో పచ్చముడికి సరిగ్గా ఇరవైనాలుగువందలు వచ్చాయి.

అత్త ఆ చీర కట్టుకునే బండెక్కింది. వెక్కి వెక్కి ఏడుస్తున్న నన్ను దగ్గరికి తీసుకుని, చీర అంచు పక్కన, మొదటి పుంజం పడిన చోట వేలు పెట్టి, "గిది నీ లాభం. నాతోని వస్తది," అంది.

ఆ తర్వాత కొత్త పడుగుకు గుంజలు పాతిన నాడు, నాయన ఎర్ర దారం ఉండ నా ఒళ్లో పెట్టాడు. మొదటి పుంజం నిండింది. ముడి బిగించి, వీధంతా వినబడేలా "లాభం" అన్నాను. నోట్లో మాత్రం నూట ఇరవై అనుకున్నాను.