కత్తెర కోసిన ఖాళీ

రికార్డింగ్ గదిలో అతన్ని అందరూ కత్తెర అనేవారు. చొక్కాకు దారం వేలాడితే కత్తిరిస్తాడు, కబుర్లు సాగితే కత్తిరిస్తాడు. ఓసారి ఎవరిదో ఆవలింత సగంలో కత్తిరించాడట. మిగతా సగం కోసం ఆ మనిషి ఇప్పటికీ వెతుక్కుంటున్నాడట.

పాటను మిక్సింగ్‌కి సిద్ధం చేయడం అతని పని. గొంతు, వేణువు, డోలు విడివిడిగా రికార్డవుతాయి. వాటిలోంచి దగ్గులు, కుర్చీల కిర్రులు తీసేసి, ఒక్కోదాన్నీ ఒక్కో ఫైలుగా చేసి, పక్క ఊళ్లో మిక్సింగ్ చేసే ఆయనకు పంపాలి. ఆయన వాటిని కలిపి పాట చేస్తాడు. నియమం ఒకటే: అన్ని ఫైళ్లూ పాట మొదలైన క్షణం నుంచే ఉండాలి. డోలు సగం పాట దాకా మోగకపోయినా, ఆ ఖాళీని అలాగే ఉంచాలి. లేకపోతే అది ఎక్కడ అందుకోవాలో అవతలివాడికి తెలియదు.

ఆ రోజు కత్తెర చెయ్యి ఊరుకోలేదు. డోలు ముందున్న ఖాళీ చూసి, ఉత్త గాలి పంపడమెందుకని కోసేశాడు. మిక్సింగ్ ఆయన సుమారుగా చూసి అతికించాడు. డోలు వెంట్రుకవాసి వెనకబడింది.

ఆ డోలు వాయించింది కత్తెర బావ, అక్క మొగుడు. అందరూ కూర్చుని విన్నారు. "డోలు కుంటుతోందండీ" అంది గాయని, తల వంచుకుని. బావ తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"అవునమ్మా. చెయ్యి బరువెక్కినట్టుంది."

జరిగిందేమిటో కత్తెరకు అప్పుడే అర్థమైంది. అందరూ వెళ్లేదాకా ఆగి, చడీచప్పుడు లేకుండా సరైన ఫైలు పంపాడు. తిరిగొచ్చిన పాటలో డోలు గుర్రంలా పరిగెత్తింది.

"మిక్సింగ్ ఆయన దగ్గర మంత్రముంది. మీ బావగారి చేతినీ సరిచేశాడు" అంది గాయని. అందరూ తలలూపారు. కత్తెరా ఊపాడు.

ఇక అక్క ఇంటి ముందు నుంచి వెళ్లడానికి మొహం చెల్లలేదు. చుట్టూ తిరిగి పోయేవాడు. ఆ తిరుగుడుకు చెప్పులే కాదు, వీధులూ అరిగాయి. కళ్లు మూసినా తెరిచినా బావ అరచేతులే.

ఓ ఉదయం అక్క ఫోన్ చేసింది. "మీ బావ డోలు ఎవరికో ఇచ్చేస్తానంటున్నారురా. వచ్చి నువ్వైనా చెప్పు."

వెళ్లేసరికి బావ డోలును దుప్పట్లో చుడుతున్నాడు.

"రా బావమరిదీ. కంప్యూటర్ వెనకేసుకొస్తే గానీ నిలబడని చెయ్యికి డోలెందుకు?"

"మీ చెయ్యి తప్పలేదు బావా. డోలు ముందున్న ఖాళీ నేనే కోసేశాను. తర్వాత మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. కోయని ఫైలు పంపాను, అంతే."

బావ చుట్టడం ఆపాడు. "అంటే నేను సరిగ్గానే వాయించానా?"

"సరిగ్గానే."

"ఆ రోజు నా పక్కనే కూర్చున్నావు కదరా."

కత్తెర డోలు మీది దుప్పటి విప్పసాగాడు.

"మీ అక్క అప్పట్నుంచీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. గొడుగు పారేసుకొచ్చినా నవ్వింది. జాలిరా, జాలి. దానికంటే తిట్లు నయం."

"తిట్లకేం కరువు లేదు" అంది అక్క వంటింట్లోంచి. "ముందు మా తమ్ముడితో మొదలుపెడతాను."

బావ ఫోన్ ముందుకు తోశాడు. కత్తెర గాయనికి చేశాడు. "అమ్మా, ఆ డోలు విషయంలో చిన్న పొరపాటు..."

బావ అతని మోచెయ్యి తట్టాడు. "మొదట్నుంచి చెప్పు. ఏదీ కొయ్యకు."

కత్తెర మొదట్నుంచి చెప్పాడు, తాను తల ఊపిన సంగతితో సహా.