గంట కొట్టి నేర్పిన హలాసనం

వాన పడే ముందు నా నడుము కబురు చెబుతుంది. దానికి ఆ విద్య ఎలా అబ్బిందో చెబుతాను, నవ్వుకోండి. అప్పట్లో కొత్తగూడెంలో నవ్వనివాళ్లు లేరు.

ఎనభైల్లో మాట. ఇరవై మూడేళ్లకే యోగా మాస్టర్ని. మధిర నుంచి వెళ్లి, గని కార్మికుల క్వార్టర్ల క్లబ్బు హాల్లో పన్నెండు మంది నడుంనొప్పి వాళ్లకు ఆసనాలు నేర్పేవాణ్ణి. గనుల కంపెనీ అధికారి వచ్చి చూసి మెచ్చితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే మధిర బస్సు.

నా సంస్కృతం పేర్లకు ఎవరూ కదిలేవారు కాదు. గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు లాగే చోట పనిచేసే కొమురయ్య చివరికి జాలిపడ్డాడు.

"సారూ, గా పేర్లు మాకెక్కయి. బాయిల టబ్బులు గంట మీద నడుస్తయి. ఒకటి కొడితే ఆగాలె, రెండు కొడితే దించాలె, మూడు కొడితే లేపాలె. గట్ల కొట్టుండ్రి, జల్దీ వస్తది."

బాయి అంటే వాళ్ల మాటలో గని. ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. వారం తిరక్కుండానే అది నా సొంత పద్ధతి అయిపోయింది. కొమురయ్య పేరు లేకుండా అధికారికి రాసి పంపాను కూడా. నా ముద్ర కూడా ఉండాలి కదా, ఒక నియమం చేర్చాను: "గంట వినబడందే కదలొద్దు. నేను నోటితో చెప్పినా సరే."

అధికారి వచ్చే రోజు జీపు చప్పుడు వినగానే రెండు కొట్టాను. పన్నెండు జతల కాళ్లు తలలు దాటి నేల వైపు దిగాయి. ఒకటి కొట్టాను, ఆగాయి. గురువు కూడా చేస్తే అందంగా ఉంటుందని గంట పక్కన పెట్టి నేనూ కాళ్లు వెనక్కి వేశాను. నడుములో ఏదో పట్టేసింది. ఇక చెయ్యి కూడా కదలలేదు.

"కొమురన్నా, లేచి నన్ను లేపవా."

"గంట గావాలె సారు. నోటితోని చెప్పినా కదలొద్దని మీరే అంటిరి."

"ఇప్పుడు కదలమని నేనే అంటున్నాను కదా."

"నోటితోనే అంటున్నరు గద."

అధికారి లోపలికి వచ్చారు. "మాస్టరు ఎక్కడయ్యా?"

"ఇక్కడే సార్," అన్నాను మోకాళ్ల సందులోంచి. "దయచేసి ఆ గంట మూడుసార్లు కొట్టండి."

ఆయన రెండు కొట్టి, దగ్గు వచ్చి ఆగారు. పన్నెండు మంది మరింత కిందికి దిగారు. నేను దిగలేదు, అరిచాను. దగ్గు తగ్గాక మూడూ కొట్టారు. అందరూ ఒక్కసారే లేచి కూర్చున్నారు, నేను తప్ప.

"మాస్టరు లేవడేమిటి?"

"కొత్త గద సార్," అన్నాడు కొమురయ్య. "ఇంకా గంట అలవాటు గాలె."

"పద్ధతి బాగుంది. ఎవరిది?"

నాదే అనబోయాను. మూలుగు మాత్రమే వచ్చింది.

"మా బాయిది సార్," అన్నాడు కొమురయ్య.

గంటతో పాటు క్లాసూ కొమురయ్య చేతికి వెళ్లింది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. మధిర బస్సు ఎక్కడానికీ నడుము ఒప్పుకోలేదు కాబట్టి, నెల రోజులు కొమురయ్య క్లాసులోనే చివరి వరుసలో పడుకున్నాను.

కాబట్టి భద్రాద్రి రాముడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక గంట ముట్టను. ఆయన గుడికి వెళ్లినా చేతులు కట్టుకునే నిలబడతాను. ఎవరైనా మూడు కొడితే మాత్రం, ఎక్కడున్నా లేస్తాను. అది కొమురయ్య నేర్పిన పద్ధతి.