నెత్తలి గడప దాటిన ఏడు

మొన్న వాన సాయంత్రం విశాఖపట్నంలో మేముండే అపార్టుమెంటు లిఫ్టులోకి మూడో అంతస్తువాళ్ళ బొచ్చుకుక్క నిలువెల్లా తడిసి వచ్చి, సరిగ్గా నా పక్కన నిలబడి ఒళ్ళు దులిపింది. దాన్ని పట్టుకున్నాయన సిగ్గుపడిపోయి, "సారీ అండీ, వాసనొస్తోందేమో" అంటూ గొలుసు దగ్గరికి లాక్కున్నాడు. వస్తున్న మాట నిజమే. తడిసిన గోనెసంచీనీ చద్దన్నాన్నీ పాత దుప్పటినీ ఒక్కచోట కుక్కినట్టుండే ఆ వాసనకి లిఫ్టులో మిగతావాళ్ళు ముక్కులు మూసుకుంటే, నేను మాత్రం దిగవలసిన అంతస్తు దాటిపోయినా దిగకుండా గుండెల నిండా పీల్చుకుంటూ నిలబడిపోయాను. మా నెత్తలి తడిస్తే అచ్చంగా ఇలాగే ఉండేది.

నౌపడ స్టేషన్లో రైలు దిగి, ఎండలో కళ్ళు విప్పనివ్వని తెల్లటి ఉప్పుమళ్ళ మధ్యనుంచి ఆటోలో వెళ్తే, రోడ్డు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట మా పేట. ఇంటికో సెల్‌ఫోను వచ్చింది గానీ మాట్లాడాలంటే సరుగుడు తోట గట్టెక్కాల్సిన రోజులవి. వేసవిలో చేపల వేట ఆపేసినప్పుడు మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉండేవారు కాబట్టి, తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతూ, జీడిమామిడి పళ్ళ వగరు నాలుక మీద తిరుగుతూ, పడవల నీడల్లో గవ్వలాడుకుంటూ మాకు రోజులు ఇట్టే గడిచిపోయేవి. వానలు పడి శ్రావణం వచ్చేసరికి సగం ఇళ్ళ మగవాళ్ళు గుజరాతు బోట్ల మీద పనికి వెళ్ళిపోయేవారు. మా నాన్నా వెళ్ళేవాడు. ఇక మళ్ళీ వేసవి దాకా ఇంట్లో అమ్మ, నేను, నాన్నని కన్న మా తాత.

అమ్మ పొద్దున్నే ఒడ్డున చేపలు వేలంపాటలో కొని, తట్టలో పేర్చుకుని, ఆటోలో నౌపడ వెళ్ళి వీధివీధీ తిరిగి అమ్మి మధ్యాహ్నానికి వచ్చేది. నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, శ్రావణమాసంలో ఒకరోజు అమ్మ దించిన ఖాళీ తట్టలోంచి కుయ్యిమని చప్పుడైంది. తొంగి చూస్తే గుప్పెడంత కుక్కపిల్ల, చేపల నీళ్ళు నాకుతూ.

"నాను తేనేదు. ఉప్పుమల్ల కాడ ఆటో ఆగితే అదే ఎక్కీసినాది," అంది అమ్మ, నేను అడగకముందే. తాత దాన్ని మెడ పట్టి పైకెత్తి, తెల్లగా మెరిసే పొట్ట చూసి, "నెత్తలిలాగున్నాది" అన్నాడు. చిటికెన వేలంత ఉండే ఆ వెండి చేప పేరే దానికి ఖాయమైపోయింది.

మాది రెండు గదుల శ్లాబు ఇల్లు. ముందు గదిలో చాపలు పరుచుకుని పడుకోవడం, అన్నం తినడం, నా చదువు, అన్నీ అక్కడే. నెత్తలి వచ్చిన రోజే ఆ గదిలో మూడు మూలలు తడిపింది. నాలుగో మూల దేవుడి పటాలుండేవి కాబట్టి నేను అడ్డంగా కూర్చున్నాను. వాకిట్లోకి తీసుకెళ్దామంటే అక్కడ అమ్మ ఎండబెట్టిన చేపలు. మిగిలిపోయిన చేపల్ని ఉప్పుపట్టించి వలమీద పరిస్తే వాటి మధ్యకి వెళ్ళి అది కూర్చుందో, నా పని అయిపోయినట్టే.

"దసరాలకి ఇల్లు కడుగుతాను," అని అమ్మ గట్టిగా చెప్పేసింది. "అప్పటికి బయటికెల్లడం నేర్సుకుందా, సరే. నేదంటే ఎక్కిన కాడే దింపీసొస్తాను."

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

పేటలో తలా ఒక సలహా ఇచ్చారు. ఒకావిడ దాని ముక్కు తడిలో రాయమంది, ఇంకొకావిడ చీపురుపుల్లతో ఒక్కటివ్వమంది. నేను రెండూ చేశాను. వారం తిరిగేసరికి నెత్తలి గదిలో ఎక్కడా తడి చెయ్యడం మానేసింది. గెలిచానని బడిలో అందరికీ చెప్పుకున్నాను. ఆ మర్నాడు తెలుగు వాచకం బయటికి తీస్తే పేజీలన్నీ ఉబ్బిపోయి, అంటుకుపోయి, వర్ణించడానికి వీల్లేని వాసన. అది నా సంచీలో దూరి పని కానిస్తోంది. ఏడుస్తూ ఇంటికొస్తే తాత నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"కొడితే బయటికెల్లాలని నేర్సుకోదే గౌరీ. నీకు కనపడకుండా ఎల్లాలని నేర్సుకుంటాది," అన్నాడు. "రేపట్నుంచి నాతో పంపు."

మా తాత గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. సముద్రంలోకి వెళ్ళడం మానేసి అప్పటికి చాలా ఏళ్ళయినా, ఆయన చర్మం మాత్రం ఎండిన వలలా ఉప్పు వాసనే వేసేది. పగలంతా అరుగు మీద వలలు అల్లుతూ, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, పులుసులో ఉప్పు తక్కువైందని రోజూ అంటూ కాలక్షేపం చేసేవాడు. ఇంకా చీకటి ఉండగానే తలుపు గడియ తీసి, నెత్తిన తువ్వాలు చుట్టుకుని సముద్రపు ఒడ్డుకి వెళ్ళేవాడు. పేటలో మగవాళ్ళంతా కాలకృత్యాలకి అటే వెళ్ళేవారు. ఆ పనితోపాటు గాలి ఎటు ఉందో, ఎవరి పడవ లోపలికెళ్ళిందో, అల ఏ రంగులో ఉందో అన్నీ చూసుకుని, నలుగురితో మాట్లాడి పొద్దెక్కాక వచ్చేవాడు.

ఆ ఏడే ప్రభుత్వం వారు మా పేటలో ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించారు. మా ఇంటి వెనక దించిన రేకుల చూరుకి ఆనుకునే కట్టారు. అమ్మకీ నాకూ ప్రాణం లేచొచ్చింది. తాత మాత్రం అందులో తన వలలు, వాటిని నీళ్ళమీద తేల్చే బెండ్లు, తాళ్ళు సర్దడం మొదలుపెట్టాడు. అమ్మ పొద్దున బయటపెడితే సాయంత్రానికి మళ్ళీ లోపలుండేవి. అంగన్‌వాడీ టీచరు ఇంటికొచ్చి, "తాతా, మరుగుదొడ్డి వాడుతున్నారా?" అని అడిగితే, "వాడుతన్నామమ్మా. వలలు బాగా ఆరతన్నాయి," అన్నాడు.

అమ్మకి అది నవ్వులాట కాదు. తాతకి ఒక కన్ను మసకైపోయింది. ఆ చీకట్లో ఒకసారి పడవ తాడు తట్టుకుని పడితే మోకాలు గుమ్మడికాయంత వాచింది. నాన్న ఫోను చేసినప్పుడల్లా, "అయ్యని ఒడ్డుకి ఎల్లనియ్యకు" అని ఒకటే మాట. ఎల్లనియ్యకపోవడం ఎలాగో మాత్రం ఆయన చెప్పేవాడు కాదు. "గదిలో కూకుని సెయ్యడమేటి, మడిసి పుట్టుక పుట్టి?" అని తాత కుంటుకుంటూ వెళ్ళిపోయేవాడు.

అలా నెత్తలి బాధ్యత తాతకి వెళ్ళింది. ఆయన చేసింది చూస్తే ఏమీ చేసినట్టే ఉండదు. చీకటితో లేవగానే దాన్ని చంకనేసుకుని తీసుకెళ్ళి తడి ఇసుకలో దింపేవాడు. అది పని ముగించగానే, ఆ క్షణంలోనే, పంచె మడతలోంచి వేయించిన ఎండు నెత్తలి ఒకటి తీసి పెట్టేవాడు. గంజి తాగాక మళ్ళీ బయటికి, నిద్ర లేచాక మళ్ళీ బయటికి. అది నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలెడితే, చేతిలో వల అలాగే వదిలేసి, మోకాలి నొప్పి మరిచి పరుగెత్తేవాడు. పొరపాటున లోపల తడిపితే ఒక్క మాట అనకుండా బూడిద చల్లి తుడిచి, ఆ చోట వాసన మిగలకుండా ఉప్పునీళ్ళు పోసేవాడు. పేటలో పిల్లలమంతా ఆయన వెనక నిలబడి అది కూర్చోగానే చప్పట్లు కొట్టేవాళ్ళం. నెత్తలికి అదంతా తన గొప్పతనమే అనిపించేదేమో, పనయ్యాక తోక ఊపుతూ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వెళ్ళేది.

చవితికి ఉండ్రాళ్ళు తిని, దసరాలకి అమ్మ ఇల్లు కడిగి బూరెలు వండే నాటికి, నెత్తలి గడప దగ్గర నిలబడి ఒక్క కూత కూయడం నేర్చేసింది. తలుపు తీస్తే చేపలు ఎండే వల చుట్టూ తిరిగి, మరీ దూరంగా వెళ్ళి వచ్చేది. అమ్మ పండగ పూట దానికో బూరె విసిరి, "ఉండనీ" అంది. నేను తాత మెడ పట్టుకుని వేలాడాను.

ఇక మిగిలింది తాత.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. గాలి ఇసుకని ఎత్తి కిటికీలకేసి కొడుతుంటే, సముద్రం సరుగుడు తోట దాకా వచ్చేసింది. ఎవరూ ఒడ్డుకి వెళ్ళకూడదని మైకులో చెప్పి వెళ్ళారు. పొద్దున నెత్తలిని వాకిట్లోకి వదిలితే, ఎక్కడిదో రేకు ఎగిరొచ్చి దాని పక్కనే ఢామ్మని పడింది. అంతే, అది కాళ్ళ మధ్య తోక దోపుకుని తాత మంచం కిందికి దూరి, ఇక గడప దాటనంది.

మధ్యాహ్నం దాటింది. మంచం మీద తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం కింద నెత్తలి. అమ్మ చోడి అంబలి ఇస్తే తాత వద్దన్నాడు. నెత్తలి ముందు గిన్నె పెడితే అదీ మొహం తిప్పుకుంది. అది లేచి తలుపు దాకా వెళ్ళేది, గాలి హోరు విని వెనక్కొచ్చేది, గుండ్రంగా తిరిగేది, కూర్చోబోయి మానేసి తాత మొహంలోకి చూసి మూలిగేది. కాసేపటికి తాత కూడా మూలిగాడు.

అమ్మకి జాలేసింది. "పోనీ, ఆ మూల పోసుకోమను మావా. నాను కడుక్కుంటాను," అంది.

నేను మూల చూపించాను, గోనెపట్టా వేశాను, బతిమాలాను. నెత్తలి ఆ మూలకేసి చూడనైనా చూడలేదు.

"అది పొయ్యదు," అన్నాడు తాత, పళ్ళు బిగించి. ఆ గొంతులో బాధ ఎంతుందో గర్వం అంతుంది. "నేర్సీసినాది. ఇంక సచ్చినా ఇంట్లో పొయ్యదు. దాని కట్టమేటో మీకు తెల్దు."

దాని కష్టం ఎవరికి తెలుసో మాకు అర్థమైంది గానీ అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నవ్వాగదు.

ఇంకాసేపటికి తాత దిగ్గున లేచాడు. వెనక తలుపు తీసి, చూరు కింద తడుస్తూ వెళ్ళి, మరుగుదొడ్డిలోంచి వలలన్నీ ఈడ్చి బయట పారేశాడు. బెండ్లు పెరట్లో నీళ్ళమీద దొర్లుకుంటూ పోయాయి. తిరిగొచ్చి నెత్తలిని చంకనేసుకున్నాడు. "దీనికోసరమే," అని అమ్మకేసి చూడకుండా చెప్పి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

మేం చూరు కింద నిలబడ్డాం. లోపల్నుంచి తాత గొంతు, "కానీ, కానీ తల్లీ," అని బుజ్జగిస్తోంది. తరవాత నెత్తలి సంతోషంగా ఒక్క అరుపు అరిచింది. దాని పని అయిపోయిందని మాకు తెలిసింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. వాన కురుస్తూనే ఉంది. చాలాసేపటికి లోపల్నుంచి మాట వచ్చింది.

"ఒసే గౌరీ. సెంబుడు నీల్లు తే."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగింది. "కుక్కకి సెంబుడు నీల్లెందుకు మావా?"

"అడక్కండి," అన్నాడు తాత. "తెండి."

నేను చెంబు అందించి అక్కడే తడి నేలమీద కూలబడి నవ్వాను. అమ్మ అంతగా నవ్వడం, నాన్న ఊళ్ళో లేనప్పుడు, నేను చూసింది ఆ ఒక్కసారే.

వాన వెలిశాక తాత వలలు మళ్ళీ లోపల పెట్టలేదు. "కుక్క అలవాటు పడిపోనాది, ఏటి సేస్తాం," అని పేటలో చెప్పుకునేవాడు. అందులో అబద్ధమూ లేదు. నెత్తలి ఆ గది తనదే అనుకుని, లోపల ఎవరున్నా తలుపు గీకేది. వానరోజుల్లో తాతా అదీ కలిసి అందులోకీ, వెలుతురు వచ్చాక ఇద్దరూ ఊరికే గాలి చూడ్డానికి ఒడ్డుకీ వెళ్ళేవారు. అంగన్‌వాడీ టీచరు ఫొటో తీయడానికి వచ్చినప్పుడు, తాత ఉతికిన పంచె కట్టి, నెత్తలిని ఎత్తుకుని ఆ తలుపు ముందు పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఆయన మళ్ళీ చీకట్లో తట్టుకుని పడలేదు. ఆ వేసవిలో నాన్న వచ్చి, వల లేని ఆ గదిలోకి తొంగి చూసి, "ఎలాగే?" అని అమ్మని అడిగితే, అమ్మ నెత్తలికేసి వేలు చూపించింది.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటుతోంది. తాత నేను ఇంటర్లో ఉండగా పోయాడు. చీకటుండగానే నెత్తలి గడప దగ్గర అరిస్తే ఇక అమ్మే లేచి తలుపు తీసేది. ఆ తరవాత రెండేళ్ళకి నెత్తలి కూడా, వయసు మీరి, అరుగు మీదే నిద్రలో పోయింది. సరుగుడు తోటలో సగం అలలకి పోయి, ఇప్పుడు ఒడ్డు పొడుగునా పెద్ద పెద్ద రాళ్ళు పోశారు. పడవలు ఆగే చోటు మారింది. తెల్లారకుండా ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు లేరు, మంచిదే, కానీ గాలి ఎటుందో సెల్‌ఫోన్లో చూసుకుంటున్నారు, ఒకరితో ఒకరు అనుకోవడం లేదు. పిల్లలకి గవ్వలాట తెలీదు.

క్రితంసారి ఇంటికెళ్ళినప్పుడు చీకటుండగానే నాకు మెలకువ వచ్చింది. చూస్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ గడప పక్కన గోడకి ఆనుకుని కూర్చుని బయటికి చూస్తోంది.

"ఏటమ్మా, ఇంత బేగి లేసినావు?" అన్నాను.

"ఏటీ నేదే," అంది అమ్మ. "తలుపు తియ్యడం అలవాటైపోనాది."