సీటెక్కిన సంచి

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు నేను ఒంటరిగా బయలుదేరడం అదే మొదటిసారి. నాకు కీళ్లవాతం వచ్చినప్పటి నుంచి, ఆటో నడిపే మా ఆయన యాదగిరి ప్రతి నెలా కిరాయిలు మానుకుని నన్ను తీసుకెళ్లేవాడు. నొప్పికంటే ఆయన సంపాదన పోతోందన్న దిగులే నాకు ఎక్కువ. దిగులుపడితే కీళ్లు ఇంకా పట్టేస్తాయని డాక్టరమ్మ చెబుతూనే ఉంటుంది. అందుకే ఈసారి ఒక్కదాన్నే పోతానన్నాను.

"నడుమల నాకు ఫోన్ చేస్తవ్ చూడు," అన్నాడు యాదగిరి.

"చెయ్య. చేస్తే ఇగ ఎప్పటికీ నీతోనే పోత," అని పందెం కాశాను.

పొద్దున్నే నా వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి. వేడినీళ్లలో పెట్టి, అవి కదిలాకే బయలుదేరాలి. నా వంటివాళ్లకు తొమ్మిదిన్నర బస్సు నయం. ఆడవాళ్లకు టికెట్ ఉచితమే గానీ ఆధార్ కార్డు చూపాలి. పర్సులోంచి అది తీయడానికి నానా తంటాలు పడ్డాను.

"జర జల్ది తియ్యమ్మా," అన్నాడు కండక్టర్. వేళ్లు కదలవని చెప్పడానికి సిగ్గేసి, ఊరికే నవ్వాను.

ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కాను. స్టేషన్‌లో లిఫ్టు ఉంది కాబట్టి మెట్లతో పని లేదు.

డాక్టరమ్మ మందులు రాసి, ఊపిరి తీయడం నేర్పింది. "ముక్కుతో మెల్లగా పీల్చండి. నోటితో ఇంకా మెల్లగా వదలండి. గాబరా అనిపించినప్పుడల్లా ఇలా చేయండి." బయటికొచ్చి మందులు కొని, ఇడ్లీ తిన్నాను. వేళ్లతో పేచీ పెట్టని టిఫిన్ అదొక్కటే.

రెండింటికి దిల్‌సుఖ్‌నగర్ స్టాపుకు మా ఊరి బస్సు వచ్చింది. అది ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి దస్తీలు వేసి సీట్లు పట్టుకుంటున్నారు. నా దగ్గర దస్తీ లేదు. లోపల కిటికీ పక్కన కూర్చున్న పెద్దమ్మకు నా చేతిసంచి అందించి, "పక్క సీట్ల పెట్టమ్మా," అన్నాను. ఫోను, మందులు అందులోనే ఉన్నాయి. తీరా ఎక్కబోతే మోకాలు లేవలేదు. వెనకవాళ్లు నన్ను పక్కకు నెట్టి ఎక్కేశారు. సంచికి సీటిచ్చి, నన్ను వదిలేసి బస్సు వెళ్లిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. యాదగిరికి ఫోన్ చేద్దామంటే ఫోను కూడా బస్సెక్కింది. అక్కడే నిలబడి మెల్లగా ఊపిరి పీల్చి వదిలాను. కాసేపటికి బుర్ర పనిచేసింది. ఆ బస్సు ట్రాఫిక్‌లో పడుతూ లేస్తూ ఎల్‌బీ నగర్ మీదుగానే పోవాలి. నడుముకు దోపుకున్న పర్సు ఉంది. మళ్లీ మెట్రో ఎక్కి, దానికంటే ముందే అక్కడికి చేరాను.

బస్సు రాగానే గట్టిగా అరిచాను. "జర ఆపుండ్రి! నాకు కీళ్లవాతం. మెల్లగ ఎక్కుత!" పరాయివాళ్ల ముందు ఆ మాట అనడం అదే మొదలు. డ్రైవర్ ఆపాడు. ఎవరో చెయ్యి అందించారు.

పెద్దమ్మ నా సీటు ఎవరికీ ఇవ్వలేదు. "మీ ఆయనంట, ఊకె ఫోన్ చేస్తుండు బిడ్డా. ఎత్తి చెప్పిన. ఆమె ఎక్కలే, సంచి ఒక్కటే ఒస్తుందని."

తిరిగి ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ సంచిలో పెట్టేశాను. పందెం పందెమే.

మా స్టాపులో యాదగిరి ఖాళీ ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి, రొప్పుతున్నాడు. "ఏడ వోయినవే? నా పానం వోయింది!"

జాలేసింది. అయినా అన్నాను: "ఫోన్ చేసింది నువ్వు, నేను గాదు. ఒచ్చే నెల గూడ ఒక్కదాన్నే పోత."

ఆయన ఆటో పట్టుకుని ఇంకా రొప్పుతూనే ఉన్నాడు.

"ముక్కుతోటి పీల్చు," అన్నాను. "ఆఁ, ఇగ మెల్లగ ఇడువు."