పాదం మీద సొట్ట

పూరీపిండి కలిపాక మాణిక్యం దాన్ని బొటనవేలితో నొక్కుతుంది. సొట్ట పడుతుంది. అది పూడుతుందా లేదా అని చూస్తూ అలాగే నిలబడిపోతుంది. “పూరీలు ఈ పూటకేనా, ఎల్లుండికా?” అని భర్త వీరవెంకటరమణ వెటకారం చేస్తాడు. మూడేళ్లుగా ఇదే వరస.

పలివెల దాటాక కాలవగట్టు వెంబడి ఉన్న పేటలో మాణిక్యం అంగన్‌వాడీ టీచరు. పిల్లల చేత చేతులు కడిగించడం, గుడ్డు తినిపించడం, నెలనెలా తూచి ఆ బరువుని ఫోనులో ఎక్కించడం ఆవిడ పని. ఫోనులోకి ఎక్కని పిల్ల పైవాళ్ల దృష్టిలో పుట్టనట్టే.

మూడేళ్ల కిందట ఆరోగ్యమైన పిల్లల పోటీ పెట్టమని పైనుంచి కబురొచ్చింది. రమణి కూతురు సత్యశ్రీకి అప్పుడు రెండేళ్లు. బూరెబుగ్గలు, నవ్వితే సొట్టలు, నిండుగా పాదాలు. నెల తిరిగేలోగా కిలో పెరిగింది. “చూడండమ్మా, పెంచితే ఇలా పెంచాలి” అని మాణిక్యమే పిల్లని ఎత్తి అందరికీ చూపించింది. మొదటి బహుమతిగా స్టీలు డబ్బా ఇచ్చింది. ఫొటో తీసి, ఫ్లెక్సీ వేయించి, అంగన్‌వాడీ కేంద్రం గోడకి కట్టించింది. ఫొటోలో పిల్ల నవ్వలేదు. ఎండకి విసిగిందేమో అనుకున్నారు.

పదకొండో రోజున సత్యశ్రీ చనిపోయింది.

పలకరించడానికి వెళ్లిన మాణిక్యంతో రమణి గోడకి ఆనుకుని అంది: “అందరి ముందూ బహుమతిచ్చేరు కదండీ. దిష్టి కొట్టేసిందండి.”

“ఆయ్” అని తలూపింది మాణిక్యం. ఆ రోజుకి ఆవిడకీ అంతకంటే తెలీదు.

తెలిసింది మూడు నెలల తరవాత, కొత్తపేటలో జరిగిన శిక్షణలో. తెర మీద ఒక పసిపాదం. ఎవరిదో వేలు దాన్ని నొక్కి వదిలింది. సొట్ట అలాగే ఉండిపోయింది. “ఇది ఒళ్లు కాదమ్మా, నీరు. తిండిలో సత్తువ లేక, విరేచనాలు తగ్గక చేరే నీరు. బరువు పెరిగిందని మోసపోకండి” అని చెప్పారు. మాణిక్యం అందరితోపాటే రాసుకుంది. మధ్యాహ్నం విస్తట్లో వేసిన గుడ్డు మాత్రం ముట్టుకోలేకపోయింది.

ఆ తరవాత కూడా రమణి ఎదురుపడినప్పుడల్లా దిష్టి మాటే ఎత్తేది. మాణిక్యం ప్రతిసారీ “ఆయ్” అనేది. ఆ ఒక్క మాట పేటంతా పాకింది. టీచరు తూస్తే దిష్టి తగులుతుందట. తల్లులు గుడ్లు పట్టుకెళ్లేవారు గాని, తూకం రోజున పిల్లల్ని తెచ్చేవారు కాదు. మాణిక్యం గట్టిగా అడగలేక కంటి అంచనాతో బరువులు ఎక్కించేసేది. గోడ మీద ఫ్లెక్సీ రంగు వెలిసిపోయింది. సత్యశ్రీ కళ్లు మాత్రం వెలవలేదు.

ఈ శ్రావణంలో ఒక పొద్దున్న ఆవిడ రమణి ఇంటి ముందునుంచి వెళుతుంటే, పక్కింటి సత్యనారాయణమ్మ అరుగు మీద కూర్చుని కువైట్‌లో ఉన్న కూతురికి ఫోనులో మనవణ్ణి చూపిస్తోంది. “చూడవే, నీ కొడుకు ఎలా ఒళ్లు చేసేడో.”

మాణిక్యం కాళ్లు ఆగిపోయాయి. ఒళ్లో యశ్వంత్ మగతగా ఉన్నాడు. జుట్టు కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. చేతిలో టీలో నానిన రస్కు.

సత్యనారాయణమ్మ ఫోను పెట్టేసేదాకా ఆగి, “మామ్మగారూ, బాబుని ఓసారి చూస్తానండి” అంది.

“తూస్తావా? వద్దమ్మా. రమణి పిల్లని తూసేరు, ఏమైందో చూసేం.”

“తూయనండి. కాలు చూస్తానంతే.”

“కాలికేమైందీ, బొమ్మకాలులా ఉంటేను?”

మాణిక్యం బొటనవేలితో నొక్కి వదిలింది. సొట్ట. పది లెక్కపెట్టింది. పూడలేదు. రెండో పాదమూ అంతే.

“ఏం పెడుతున్నారండీ?”

“గంజన్నం, రస్కులు. గుడ్డు వేడని మానేసేను. పది రోజులై విరేచనాలు. పళ్లొస్తున్నాయి కదా.”

“ఇప్పుడే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్దామండి. ఆటో పిలుస్తాను.”

“దిష్టికి ఆసుపత్రేంటమ్మా? ఉప్పు తిప్పి పడేస్తే పోద్ది. దిష్టంటే నువ్వే కదా ఆయ్ అన్నావు. రమణినే అడుగు.”

పక్కింటి కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్న రమణి తలెత్తింది. కుళాయి కట్టేసింది.

మాణిక్యం రమణి మొహం వంక చూడలేకపోయింది. యశ్వంత్ పాదాన్నే చూస్తూ చెప్పింది.

“దిష్టి కాదండి. సత్యశ్రీది కూడా దిష్టి కాదు. ఒంటికి నీరు పట్టింది. నేను ఒళ్లనుకున్నాను. బహుమతిచ్చేను. తరవాత తెలిసిందండి. తెలిసీ చెప్పలేదు.”

సత్యనారాయణమ్మ తన వేలితో తనే నొక్కి చూసింది. మొదటి సొట్ట పక్కన ఇంకోటి పడింది. కాసేపు చూసి, లేచి, తీగ మీది తువ్వాలు లాగి పిల్లాడికి చుట్టింది. “ఆటో పిలువు” అంది.

రమణి తడి చేతులతోనే వచ్చి నిలబడింది. ఆ రెండు సొట్టల్నీ చూసింది.

“ఆ రోజు కూడా నొక్కి చూస్తే తెలిసేదాండీ?”

“ఆయ్.”

రమణి వెనక్కి వెళ్లి కుళాయి తిప్పి, తోమేసిన గిన్నెల్నే మళ్లీ తోమడం మొదలెట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే ఆసుపత్రినుంచి సత్యనారాయణమ్మ ఫోను చేసింది. “చిక్కిపోయేడమ్మా. బుగ్గలన్నీ పోయేయి. కిలో తగ్గేడంట” అని ఏడిచింది.

“అది నీరు పోవడమండి మామ్మగారూ. తగ్గాలండి. తగ్గేకే పెరుగుతాడు” అంది మాణిక్యం.

ఫోను పెట్టేసి కేంద్రం తలుపు తియ్యబోతే గోడ మీద ఫ్లెక్సీ లేదు. నాలుగు మేకులు, వాటికి తెగిన తాళ్లు. కింద గుమ్మంలో స్టీలు డబ్బా ఉంది, తళతళలాడేలా తోమి. మాణిక్యం మూత తీసి చూసింది. లోపల ఏమీ లేదు.