మైకులో పిలిచిన పేరు

సిరిసిల్ల బస్టాండులో మైకు గరగరమన్నప్పుడల్లా నేను చేతిలో సంచి కింద పెట్టేస్తాను. కరీంనగర్ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడానికే ఆ గరగర. అయినా మాట మొదలయ్యేదాకా చెవి ఒగ్గి నిలబడతాను, ఎవరి పేరు పిలుస్తారో అని. పక్కనున్న మా ఆవిడ ఏమైందని అడుగుతుంది. ఏమీ లేదంటాను. చెప్పాలంటే ఓదెలన్న గురించి మొదటి నుంచి చెప్పాలి.

మా ఊళ్ళో బట్ట నేసే సాంచాలు సరిగ్గా నడవని కాలంలో నేను దుబాయి పోయాను. అక్కడ మా మేస్త్రీని అందరూ లచ్చన్న అనేవారు. చెక్కలు బిగించి కాంక్రీటు పోసే పని నాకు నేర్పింది అతనే. ఎత్తు మీద నా కాళ్ళు వణికితే తిట్టేవాడు కాదు. “కిందికి సూడకురా, నీ చేతులకు సూడు” అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు జ్వరమొస్తే గంజి కాచి దగ్గర కూర్చునేవాడు. ఒక శుక్రవారం బట్టలు ఉతుక్కుంటుండగా, తన అసలు పేరు ఓదెలని, ఊరు కోరుట్ల అని నాకొక్కడికే చెప్పాడు. ఒకనాడు అన్నలు, అదే నక్సలైట్లు, తుపాకులతో ఇంటికొచ్చి అన్నం అడిగితే పెట్టాడు. పెట్టకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. తెల్లారి పోలీసులు పట్టుకుపోయి కొట్టారు. కొన్నాళ్ళకు వదిలేశారు. ప్రాణాలతో వదిలారంటే ఏదో చెప్పే ఉంటాడని అన్నలకు అనుమానం వచ్చింది. ఇటూ అటూ భయమే. లచ్చయ్య అనే మరొకరి పాస్‌పోర్టు మీద విమానమెక్కాడు. బొంబాయిలో ఉన్నాడని ఇంట్లో వాళ్ళు అడిగినవాళ్ళకు చెప్పేవారు.

“ఇగ మర్చిపోయిన్లు కావచ్చురా. గీ యేడు పోత. మా అవ్వ మొఖం సూసి మల్లస్త” అన్నాడు. ఆ సంబరంలోనే నన్ను ప్రపంచ దేశాల ప్రదర్శనకు తీసుకుపోయాడు. “ఇంటికి పోతే ఏం జూసినవురా అని అడుగుతరు. సిమెంటు జూసిన అని చెప్పాల్నా?” అని నవ్వాడు.

ఒక్కో దేశానికి ఒక్కో పెద్ద గుడారం. కాఫీ వాసన, అత్తరు వాసన, ఎటు చూసినా మనుషులే. ఒక చోట అటూ ఇటూ పరుగెత్తే నాడె లేకుండా గాలితో నూలును తోస్తూ బట్ట నేసే యంత్రం కనిపించింది. సాంచాల మధ్య పుట్టినవాణ్ణి, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తల తిప్పేసరికి ఓదెలన్న లేడు.

నా గుర్తింపు కార్డు అతని జేబులో ఉంది. ఎటు చూసినా పోలీసులే కనిపించారు. కార్డు అడిగితే జైలే అనుకున్నాను. తోసుకుంటూ తోసుకుంటూ, తప్పిపోయినవాళ్ళ పేర్లు పిలిచే చోటికి చేరాను. మైకు దగ్గరున్న హైదరాబాదు మనిషి పేరు అడిగాడు. లచ్చయ్య అని చెప్పబోయి ఆగాను. ఇంత గోలలో అరువు పేరుకు ఎవరు తల తిప్పుతారు? తల్లి పెట్టిన పేరైతేనే వినిపిస్తుందనుకున్నాను. ఊరు కూడా చెప్పాను. “కోరుట్ల ఓదెలు, కోరుట్ల ఓదెలు” అని ఆ పేరు అన్ని గుడారాల మీదుగా మోగింది.

మొదట వచ్చింది ఓదెలన్న కాదు, గళ్ళ చొక్కా మనిషి ఒకడు. “ఏ ఓదెలన్న, బీడీల కంపిని గల్లీల ఉండేటాయననా? బొంబాయిల ఉన్నడంటిరి గదా! మాది జగిత్యాలే. ఏ క్యాంపుల ఉంటరు?” మన మాట విన్న ధైర్యంతో మేముండే కూలీల క్యాంపు పేరు చెప్పేశాను. అప్పుడు అతని భుజం మీదుగా చూస్తే, స్తంభం చాటున ఓదెలన్న ఉన్నాడు. అంత ఎత్తున నడిచే మనిషి దానికి అంటుకుపోయి నిలబడ్డాడు. నన్ను ఒక్కసారి చూసి జనంలో కలిసిపోయాడు.

బస్సు దగ్గర దొరికాడు. “తప్పిపోతినని భయమైందన్నా” అన్నాను.

“నీకొక్కనికే ఉన్నదారా భయం?” బస్సెక్కాక అడిగాడు, “గా గళ్ళ అంగోడు ఏమన్నడు?”

“టైమెంతాయె అన్నడు.”

ఆ ఒక్క మాట నిజం చెప్పి ఉంటే అతను క్యాంపు మారేవాడు. తిడతాడని భయపడి నేను చెప్పలేదు. నెల తిరక్కుండానే కోరుట్ల నుంచి అతని తమ్ముడు ఫోన్ చేశాడు. ఎవరో ముగ్గురు ఇంటికొచ్చి, క్యాంపు పేరుతో సహా చెప్పి, ఎప్పుడొస్తాడని అడిగిపోయారట. పోలీసులో, అన్నలో తెలియదు. ఆ జగిత్యాల మనిషి కావాలని చెప్పాడో, సంతోషంతో నలుగురికీ చెప్పుకున్నాడో కూడా తెలియదు. ఓదెలన్న మాత్రం నా వైపు చూసి, “ఆ చెక్క ఇటియ్యి” అన్నాడు. అంతే. ఊరి ప్రయాణం మానుకున్నాడు. నాకు సెలవు దొరికినప్పుడు, “మా అవ్వను సూసి పో” అన్నాడు.

కోరుట్లలో ఆ గల్లీ తిరిగేదాకా వెనక ఎవరో వస్తున్నట్టే ఉంది. ముసలామె తలుపు కొంచెమే తీసి, నా పేరు చెప్పాక లోపలికి రానిచ్చింది. విస్తరి వేసింది.

“మా ఓదెలు ఎట్లున్నడు కొడుకా?”

“మంచిగున్నడమ్మా. సెలవు దొరకలే.”

“సెలవేంది, నాకెర్కలేదా? ఎవ్వడో నోరు జారిండు. వాని నోట్లె మన్నువడ. నా కొడుకును నాకు కాకుండ జేసిండు.”

ఏళ్ళ తర్వాత ఓదెలన్న మళ్ళీ ఇల్లు చూసేసరికి ఆమె బతికి లేదు. నా తప్పు ఓదెలన్న ఆమెకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎవరైనా ఒక మనిషి ఎక్కడున్నాడని అడిగితే, ఈనాటికీ ముందు నా నోటికి ఆమె పెట్టిన ఆ అన్నమే అడ్డొస్తుంది.

“సాలనకు, ఇంకింత తిను” అంటూ ఆ రోజు ఆమె వడ్డిస్తూనే ఉంది. “నువ్వు వానికి సొంత తమ్మునసొంటోనివట. కడుపు నిండ పెట్టి తోలుమన్నడు.”